నువ్వు నాకు వినిపిస్తున్నావు

యూనివర్సిటీ క్వయర్‌లో చేరిన కొత్తలో ఒకరోజు మా చేత పాడించే కండక్టర్ రిహార్సల్ మధ్యలో చెయ్యెత్తి పాట ఆపింది. నా వైపు చూసి, "నువ్వు నాకు వినిపిస్తున్నావు" అంది ఇంగ్లీషులో. నేను మురిసిపోయి "థాంక్యూ" అన్నాను.

గదంతా ఘొల్లుమంది. ఎందుకో తెలియకపోయినా నేనూ నవ్వాను. అది మెచ్చుకోలు కాదు, చీవాట్లని పక్కనున్న అమ్మాయి చెవిలో చెప్పాక గానీ నాకు తెలియలేదు. క్వయర్ అంటే ఒకే పాటని గుంపుగా పాడే బృందం. అందులో ఏ ఒక్కరి గొంతూ విడిగా వినపడకూడదట. అంత మందీ కలిసి ఒక్క గొంతు అయిపోవాలట. "కలిసిపోవాలి" అనే మాట ఆ రోజు మొదలుపెట్టి డిగ్రీ అయ్యేదాకా వింటూనే ఉన్నాను. ఇప్పుడు ఎవరైనా పార్టీలో "అందరితో కలిసిపోవాలమ్మా" అన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంట్లో నేను పెరిగింది సరిగ్గా దానికి ఎదురు మాట మీద. మా అమ్మే నా గురువు. రాజమండ్రిలో సంగీతం డిప్లొమా చేసి, నాన్న ఉద్యోగం వెంట ఆక్లాండ్ వచ్చి, సూపర్ మార్కెట్ బేకరీలో రొట్టెలు ప్యాక్ చేసే పనిలో కుదిరింది. ఆదివారాలు మాత్రం న్యూ లిన్‌లోని మా అద్దె ఫ్లాట్ హాల్లో దుప్పటి పరిచి, శ్రుతిపెట్టె పెట్టి, తెలుగు పిల్లలకు పాఠం చెప్పేది. ఆమె పాఠంలో సగం ఒకటే మాట, "గొంతు విప్పు." ఏ పిల్లయినా సరళీ వరసలు నోట్లో నోట్లో గొణిగితే, లేచి వంటింట్లోకి వెళ్ళి స్టవ్ పక్కన నిలబడేది. "నాకు ఇక్కడికి వినపడాలి. మళ్ళీ పాడు!" అని అక్కణ్ణుంచి కేకేసేది. పక్క ఫ్లాట్ ముసలాయన గోడ మీద కొడితే శ్రుతిపెట్టె తగ్గించేది గానీ పిల్లల గొంతు తగ్గించేది కాదు. ఆ వంటింటి పరీక్ష నేనూ చిన్నప్పటి నుంచి రాస్తూ వచ్చినదాన్నే.

అమ్మకి ఒక కోరిక ఉండేది. మా వాళ్ళ ఫంక్షన్లలో నేను పాడుతూనే ఉండేదాన్ని. అద్దెకు తీసుకున్న స్కూల్ హాలు, కీచుమనే మైకు, స్టేజి ముందు పరుగులు తీసే పిల్లలు. వెనక వరసల్లో అంకుల్స్ ఇళ్ళ రేట్లు మాట్లాడుకుంటుంటే, ఆంటీలు పులిహోర ఎప్పుడు పెడతారా అని తలుపు వైపు చూస్తుండేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పాట అయ్యాక చప్పట్లు మాత్రం బాగా కొట్టేవారు, అయిపోయిందన్న సంతోషంతో. ఇంటికొచ్చేటప్పుడు కార్లో అమ్మ అనేది: "ఒక్కసారి, మంచి హాల్లో, అందరూ నోరు మూసుకుని కూర్చుంటే, నీ గొంతు వినాలనుందే నాకు. అంతే. ఇంకేం వద్దు."

నేను మ్యూజిక్ డిగ్రీలో చేరడానికి ఆ మాటే కారణం. ఆల్బనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నాన్న "మ్యూజిక్ చేసి ఏం సెటిల్ అవుతావమ్మా? అకౌంటింగ్ చెయ్యి, పాట ఎక్కడికి పోతుంది?" అన్నారు. అమ్మ ఆయనతో వారం రోజులు మాట్లాడటం మానేసి ఒప్పించింది. నా ప్రధాన సబ్జెక్టు గాత్రం. గాత్రం తీసుకున్న వాళ్ళందరూ ఏటా క్వయర్‌లో పాడి పాసవ్వాలి. అది పోతే డిగ్రీ పోయినట్టే.

అందుకని నేను కలిసిపోవడానికి నానా తంటాలూ పడ్డాను. స్వరాన్ని ఊపకుండా కర్రలా నిలబెట్టడం నేర్చుకున్నాను. అమ్మ ఏళ్ళ తరబడి కూర్చోబెట్టి గొంతులోకి ఎక్కించిన గమకం ఇక్కడ వదిలించుకోవలసిన జబ్బయింది. ట్రైన్ దిగి క్లాసుకి నడుస్తూ, ఊపు లేకుండా ఒకే స్వరం పట్టి సాధన చేసేదాన్ని. ఇంటికొచ్చి అమ్మ ముందు కూర్చుంటే "ఏంటే ఆ పీల పాట? అన్నం తినలేదా?" అనేది. అక్కడ ఎక్కువ, ఇక్కడ తక్కువ. అంత చేసినా కండక్టర్ నన్ను ముందు వరసలోంచి రెండో వరసకి, రెండో వరసలోంచి ఆఖరి వరసకి, అందులోనూ గోడ పక్కకి జరుపుతూ పోయింది.

ఆవిడ చెడ్డది కాదు. నా ఏడుపంతా అదే. చెడ్డదైతే హాయిగా తిట్టుకుని ఊరుకునేదాన్ని. నా పేరు సరిగ్గా పలకడం నేర్చుకుంది. ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. పెద్ద కచేరీకి ముందురోజు రిహార్సల్ అయ్యాక నన్ను పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి చెప్పింది.

"నీది చాలా అందమైన గొంతు. కానీ రేపటి పాటలు చాలా సున్నితమైనవి. నువ్వు పెదాలు మాత్రం కదుపు. ఎవరికీ తెలియదు."

"ఏ పాటలో?" అని అడిగాను.

"అన్నిట్లోనూ అలా చేస్తే నీకే తేలిక" అని నవ్వింది. "మార్కుల గురించి బెంగ పెట్టుకోకు. అది నేను చూసుకుంటాను."

అంతలోనే యూనివర్సిటీ ప్రచారం కోసం ఫొటోలు తీసే మనిషి వచ్చాడు. అందర్నీ మళ్ళీ వరసల్లో నిలబెట్టించి, ఒకసారి కలియజూసి, గోడ పక్కన నిలబడ్డ నన్ను వేలితో చూపించి ముందుకు రమ్మన్నాడు. ముందు వరస, నట్టనడుమ. కండక్టర్ మొహం వెలిగిపోయింది. "అవును, చాలా బాగుంది! రేపు కూడా నువ్వు అక్కడే నిలబడు" అంది. నోరు బాగా తెరవమని ఫొటోగ్రాఫర్ అన్నాడు. తెరిచాను. ఇంకా బాగా అన్నాడు. ఇంకా తెరిచాను. నా గొంతు అక్కర్లేదు, నా రంగు కావాలి. ఇంత చిన్న విషయం అర్థం కావడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు.

"నేనైతే ఛీ కొట్టి బయటికి వచ్చేసేదాన్ని" అని తర్వాత చాలామంది స్నేహితురాళ్ళు అన్నారు. ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు. వచ్చేస్తే డిగ్రీ పోతుంది, నాన్న మాటే నిజమవుతుంది. అమ్మ అప్పటికే బేకరీలో ఇంకొకామెతో షిఫ్టు మార్చుకుని, పట్టుచీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది. రావద్దని ఆమెతో ఏ నోటితో చెప్పను?

శనివారం మధ్యాహ్నం కచేరీ. చెక్క కప్పు ఉన్న పాత హాలు, చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అమ్మ కలలు కన్న హాలు అదే. ఆమె, నాన్న రెండో వరసలో సరిగ్గా నాకు ఎదురుగా కూర్చున్నారు. దగ్గు వచ్చినా ఆపుకుంటున్నట్టు బిగుసుకుని కూర్చుంది అమ్మ. లాటిన్‌లో ఏదో ప్రార్థన మొదలైంది. వాద్యాలు లేవు, ఉత్త గొంతులే. నేను పెదాలు కదిపాను. అమ్మ కుడిచెయ్యి ఒళ్ళో మెల్లగా తాళం వెయ్యడం మొదలుపెట్టింది. పక్కవాళ్ళకి తెలియకుండా ఉత్త వేళ్ళతోనే. నేను ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను. రెండో పాట నడుమ అవి ఆగిపోయాయి. ఆ తర్వాత కచేరీ అయ్యేదాకా మళ్ళీ కదల్లేదు.

బయటికి రాగానే నాన్న నా వీపు తట్టారు. "అదరగొట్టేశావు తల్లీ! అంతమందిలోనూ నీ గొంతు విడిగా తెలిసిపోయింది, తెలుసా?" ఆయన అబద్ధమాడలేదు. ప్రేమ కొద్దీ ఆయనకి నిజంగానే వినిపించి ఉంటుంది. అమ్మ కారెక్కి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక చీర మార్చుకుని, ఆ పట్టుచీర కొంగు నా చేతికిచ్చి మడతపెట్టడానికి నిలబడింది.

"నువ్వు పాడలేదు కదే" అంది.

నేను కొంగు అంచులు సరిచేశాను.

"నోరే ఆడింది. మెడ కదల్లేదు. నీ మెడ నాకు తెలీదా?"

"వద్దన్నారమ్మా."

"ఏం, శ్రుతి తప్పావా?"

"లేదు."

"సాహిత్యం తప్పావా?"

"లేదు."

"మరేంటి?"

"వినిపిస్తున్నానంట" అన్నాను.

అమ్మ చీర మడత ఆపి నా మొహంలోకి చూసింది. నాకు అర్థమైనదే ఆమెకీ అర్థమవుతుందేమో, కోపమొస్తుందేమో, సోమవారం యూనివర్సిటీకి వచ్చి రాజమండ్రి గొంతుతో ఆ కండక్టర్‌ని నిలదీస్తుందేమో అని ఎదురుచూశాను. అలా చెయ్యాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. ఆమె నా చేతిలో కొంగు తీసుకుని, మడత పూర్తి చేసి, చీర బీరువాలో పెట్టింది. దాని గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

మిగిలిన కచేరీలన్నిట్లోనూ నేను పెదాలే కదిపాను. పాసయ్యాను, మంచి మార్కులతోనే. "ఎంత చక్కగా కలిసిపోయావో!" అని కండక్టర్ నన్ను కౌగలించుకుంది.

మరుసటి ఏడాది ఆ ఫొటో ఆల్బనీ బస్ స్టేషన్‌లో నిలువెత్తు పోస్టరై వెలిసింది. నల్ల బట్టలు, బార్లా తెరిచిన నోరు. నాన్న ఆఫీసు నుంచి వస్తూ ఫోన్లో ఫొటో తీసి, తెలిసినవాళ్ళందరికీ ఈమెయిల్ చేశారు. ఒక కాపీ ఫ్రేము కట్టించి శ్రుతిపెట్టె పైన గోడకి తగిలించారు. ఫంక్షన్లలో నేను పాడుతుంటే పులిహోర కోసం చూసిన ఆంటీలే ఇప్పుడు నన్ను పట్టుకుని బుగ్గలు పుణికారు. అమ్మ దగ్గరికి పిల్లలు రావడం ఎక్కువైంది. హాల్లో దుప్పటి చాలక చాప కూడా వెయ్యాల్సి వచ్చింది.

ఆ ఆంటీల్లో ఒకామె ఓ ఆదివారం ఎనిమిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. "అక్కా, మా పాపని కూడా మీ అమ్మాయిలా తయారు చెయ్యాలి. స్కూల్ క్వయర్‌లో సెలెక్ట్ అయితే చాలు" అని గోడ మీది ఫొటో చూపించింది. పాపని వదిలి షాపింగ్‌కి వెళ్ళింది.

నేను వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. హాల్లో ఆ పిల్ల 'స' అందుకుంది. ఏం గొంతు! బెరుకు లేదు, దాపరికం లేదు. స్టవ్ మీది గిన్నె మూత అదిరినట్టయింది. అమ్మ శబాష్ అంటుందని చెయ్యి ఆపి చూస్తున్నాను.

"కొంచెం తగ్గించమ్మా" అంది అమ్మ.

"వై, ఆంటీ?" అంది పిల్ల.

"ఇక్కడ అలాగే కావాలమ్మా. పక్కవాళ్ళకి నువ్వు వినపడకూడదు. ఇంకొంచెం తగ్గించు. ఆఁ, అలాగ."

అమ్మ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. వేళ్ళ మధ్య చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. పిల్ల తెలివైనది, చెప్పగానే పట్టుకుంది. శ్రుతిపెట్టె మోగుతూనే ఉంది. వంటింట్లోకి ఆ పిల్ల గొంతు వినపడటం ఆగిపోయింది.