ఒంటి చక్రం ఎక్కిన డ్రైవింగ్ మాస్టారు

ముందు టీ చెప్పండి. కుర్చీ వద్దు, నిలబడే తాగుతాను. ఎందుకంటారా? అక్కడికే వత్తన్నాను. మొన్న ఆదివారం బైపాస్ పక్కన ఏం జరిగిందో మీ చెవిన పడే ఉంటుంది. ఊళ్ళో తలో రకంగా చెప్పుకుంటున్నారు. డ్రైవింగ్ స్కూలు అప్పారావు సర్కస్‌లో చేరేడని ఒకరు, బండి బ్రేకు ఫెయిలైందని ఇంకొకరు. బ్రేకంట బ్రేకు! దానికసలు బ్రేకుంటే కదా ఫెయిలవడానికి!

మీకు తెలుసు కదా, ఇరవై రెండేళ్ళుగా అనకాపల్లిలో స్కూటీలు, కార్లు నేర్పుతున్నాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు రోడ్డు మీద నన్ను చూస్తే ఇప్పటికీ హెల్మెట్ సర్దుకుంటారు. అంత భయం! "బండిని చూడకు, రోడ్డుని చూడు!" అని నేను అరిచే అరుపు, నేను నేర్పే లేఅవుట్ అవతల చెరుకు తోటలో పని చేసుకునే వాళ్ళక్కూడా కంఠతా వచ్చేసింది. అలాంటి నా ఇంటికి పోయిన నెల మా బావమరిది శ్రీను విశాఖపట్నం నుంచి ఒక అట్టపెట్టె మోసుకొచ్చేడు.

"ఏటిరా ఇది?"

"యూనిసైకిల్ బావా. పొట్ట తగ్గుద్దంటే ఆన్‌లైన్‌లో తెప్పించేను."

విప్పి చూస్తే ఒక చక్రం, చక్రం మీద ఒక రాడ్డు, రాడ్డు మీద పనసతొనంత సీటు. అంతే! హ్యాండిల్ లేదు, బ్రేకు లేదు, స్టాండు లేదు. మిగతా సగం పెట్టెలో ఉండిపోయిందేమోనని తిరగేసి దులిపేను కూడా.

"వారం రోజులు ట్రై చేసేను బావా, రాలేదు. పొట్ట అలాగే ఉంది, తోలు మాత్రం ఊడింది," అని మోచేతులు చూపించేడు. అంతవరకు బాగానే ఉంది. అక్కడితో ఊరుకోవచ్చా? "నీకూ రాదులే, వయసైపోయింది. అటక మీద పడెయ్యి," అన్నాడు.

వయసైపోయిందా? నాకా? నలభై ఎనిమిదికే?

"పదిహేను రోజులు! పదిహేనే పదిహేను! తొక్కి చూపిత్తాను," అన్నాను.

మా ఆవిడ వరలక్ష్మి వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చి, "ఏటి తొక్కేది? మొన్న మెట్లు దిగుతూ పడ్డారు," అంది. అసలు అది చెప్పాల్సిన సందర్భమా చెప్పండి!

మర్నాడు పొద్దున్నే మా ఇంటికీ పక్కింటికీ మధ్య సందులో మొదలెట్టేను. చేతులు చాపితే రెండు వైపులా గోడలు అందుతాయి. సీటు మీద సరిగ్గా కూర్చోవడానికే రెండు రోజులు పట్టింది. మామూలు సైకిలైతే పక్కకే పడుతుంది. ఇది అలాక్కాదు. ముందుకి పడుతుంది, వెనక్కి పడుతుంది, ఒక్కోసారి మనల్ని కింద వదిలేసి తనొక్కతే ముందుకెళ్ళిపోతుంది. పెడల్ గిర్రున తిరిగొచ్చి ముడుకు కింద ఎముక మీద కొడితే... అబ్బా! చిన్నప్పుడు మా నాన్న కొట్టిన దెబ్బలన్నీ ముద్దులనిపించేయి. నాలుగో రోజుకి గోడలు తడుముకుంటూ సందు చివరిదాకా వెళ్ళేను. గోడలున్నంతవరకు నేను ఛాంపియన్నే!

ఆ ఊపులోనే నా బుద్ధి గడ్డి తింది. కొత్త బ్యాచ్ కోసం ఎలాగూ ఫ్లెక్సీ వేయించాలి. మామూలుగా చేతులు కట్టుకుని కారు పక్కన నిలబడ్డ ఫోటో ఎందుకు, దీని మీద కూర్చున్న ఫోటో వేస్తే ఎలా ఉంటుంది? ఫ్లెక్సీ షాపు కుర్రాణ్ణి ఇంటికి పిలిచేను. నేను సీటెక్కేను, వరలక్ష్మి వెనకనుంచి బుజం పట్టుకుంది, అతను ఫోటో తీసేడు. "అక్క చేతులు కంప్యూటర్‌లో తీసేత్తాను సార్," అన్నాడు.

తీసేడు. నాలుగు వేళ్ళు వదిలేసేడు. జంక్షన్‌లో పన్నెండడుగుల ఫ్లెక్సీలో నేను నవ్వుతూ ఒంటి చక్రం మీదున్నాను, నా బుజం మీద ఎవరివో నాలుగు వేళ్ళు ఉన్నాయి. పైన "ఒంటి చక్రాన్నే లొంగదీసిన మాస్టారు, మీకు రెండు చక్రాలు నేర్పలేరా?" అని నేను చెప్పిన వాక్యమే. దాని కింద ఎర్రక్షరాలతో నేను చెప్పని వాక్యం: "ఈ ఆదివారం ఉదయం లేఅవుట్‌లో ప్రత్యక్ష ప్రదర్శన. అందరూ ఆహ్వానితులే."

ఫోన్ చేసి అడిగితే ఏమన్నాడో తెలుసా? "కింద ఖాళీ ఎక్కువుండిపోయింది సార్. బోసిగా ఉందని ఎట్టేను."

తీయించేద్దామనుకున్నాను. కానీ అప్పటికే ఇద్దరు దారిలో ఆపి "ఆదివారం వత్తన్నాం మాస్టారూ!" అనేసేరు. శ్రీను అయితే ఫోన్ చేసి, "బావా, వీడియో తీత్తాను, రెడీగా ఉండు," అన్నాడు. ఇప్పుడు ఫ్లెక్సీ పీకేస్తే? బుజం మీద వేళ్ళ గురించి ఇప్పటికే అడుగుతున్నారు, ఇహ స్కూలు పేరే పోతుంది. ఆదివారానికి ఆరు రోజులుంది.

సందు వదిలేసి లేఅవుట్‌కి మారేను. బైపాస్ పక్కన ప్లాట్లేసి వదిలేసిన స్థలం అది, లోపల తారు రోడ్డు, చుట్టూ ప్రహరీ. మా క్లాసులన్నీ అక్కడే. క్లాసులకి గంట ముందే వెళ్ళేవాణ్ణి, ఎవరూ చూడకుండా. గోడ వదిలితే మూడడుగులు. మూడడుగులు, పిచ్చిమొక్కలు. మూడడుగులు, పిచ్చిమొక్కలు. బుధవారం నాడు అలాగే మొక్కల్లో వెల్లకిలా పడి ఉన్నాను. పైనుంచి ఒక మొహం తొంగి చూసింది.

నూకరత్నం! నా స్టూడెంటే. పూడిమడక నుంచి చేపలు తెచ్చి మన ఊళ్ళో వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. బేసిన్ నెత్తిన పెట్టుకుని తిరిగితే ఎండెక్కే లోపు నాలుగు వీధులు కూడా పూర్తవడం లేదని స్కూటీ నేర్చుకోవడానికి చేరింది. మూడు వారాలైంది. ఎంత చెప్పినా ముందు చక్రం వైపే చూస్తుంది, హ్యాండిల్ పాములా ఊగుతుంది. ముందు రోజే అందరి ముందూ తిట్టేను, "ఇలాగైతే నువ్వీ జన్మలో రోడ్డెక్కవు!" అని.

"ఏటి మేస్టారూ, పడ్డారా?"

"లేదమ్మా. టైరు చెక్ చేత్తన్నాను."

"పడుకునా?"

లేచి దులుపుకున్నాను. ఆవిడ చక్రాన్ని పైకీ కిందకీ చూసింది. "ఆదివారం సూపిత్తారని బోర్డులో రాసేరు కదా, ఇదేనా?" అంది. ఒక్కక్షణం అబద్ధమాడదామనుకున్నాను. కానీ చొక్కా నిండా పల్లేరుకాయలు అంటుకుని ఉన్నాయి. "ఇదే నూకరత్నం. రావట్లేదు," అన్నాను. ఇరవై రెండేళ్ళలో స్టూడెంటుతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఎక్కండి, సూత్తాను," అంది.

ఎక్కేను, పడ్డాను.

"సక్రాన్ని సూడకండి మేస్టారూ, అదెక్కడికీ పోదు. ఎదరకి సూడండి!" అని కేకేసింది. అక్షరం అక్షరం నా అరుపే! కాకపోతే తర్వాత చెప్పినది మాత్రం నాకు తెలీనిది. "నెత్తి మీద బేసిన్ ఎట్టుకున్నప్పుడు కిందకి సూత్తే సేపలన్నీ రోడ్డు మీదుంటాయి. మెడ బిగించకూడదు. బేసిన్ ఎటు ఒరిగితే నడుం అటు ఎల్లాల. తల మాత్రం అలాగే ఉండాల. మీరు సేతులతో గాలి పట్టుకుంటన్నారు, గాలేటి దొరుకుద్ది?"

ఒక కర్ర తెచ్చింది. ఒక కొస ఆవిడ పట్టుకుంది, రెండో కొస నాకిచ్చింది. దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూడమంది. చూసేను. నా నెత్తి మీద చేపల బేసిన్ ఉందనుకున్నాను. నిజం చెప్తున్నాను, నాకు చేపల వాసన కూడా వచ్చింది! పది గజాలు వెళ్ళేను. పది గజాలు!

అప్పుడు నాకు సిగ్గేసింది. ఇరవై కిలోల బరువు నెత్తిన పెట్టుకుని జనంలో, ఆటోల మధ్యలో నడిచే మనిషి ఆవిడ. బ్యాలెన్స్ అంటే ఏంటో ఆవిడకి మూడు వారాలుగా నేను పాఠం చెబుతున్నాను! "నూకరత్నం, స్కూటీ ఎక్కినప్పుడు కూడా నెత్తి మీద బేసిన్ ఉందనుకో," అన్నాను. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, స్కూలు స్కూటీ ఎక్కి, లేఅవుట్ చుట్టూ ఒక రౌండు కొట్టొచ్చింది. హ్యాండిల్ ఊగితే ఒట్టు!

"రోడ్డెక్కమంటారా?" అంది.

"అప్పుడే కాదు. నేను చెప్పినప్పుడు," అన్నాను. మాస్టారు బుద్ధి ఎక్కడికి పోతుంది!

శనివారానికి కర్ర లేకుండా లేఅవుట్ సగం దూరం వెళ్తున్నాను. ఆ తర్వాత ఎలాగూ పడేవాణ్ణి. పడితే ఆగిపోతాం కదా, దిగడం గురించి ఆలోచన ఎందుకొస్తుంది? నాకు రాలేదు. నూకరత్నానికీ రాలేదు. ఇది కాస్త గుర్తుంచుకుని వినండి.

ఆదివారం. నలభై యాభై మంది వచ్చేరు. శ్రీను ఫోన్ పట్టుకుని ముందు వరసలో. వరలక్ష్మి దూది, అయోడిన్ సంచీలో వేసుకుని వచ్చింది. నా మీద అంత నమ్మకం! నూకరత్నం గేటు దగ్గర 'ఎల్' బోర్డున్న స్కూటీ పక్కన నిలబడింది. కరెంటు స్తంభం వైపు చూసేను. ఎక్కేను.

వెళ్ళేను! సగం దూరం దాటింది. పడలేదు. ముప్పావు దాటింది. పడలేదు. చప్పట్లు! శ్రీను "సూపర్ బావా!" అని పక్కనే పరుగు. ఇంక లేఅవుట్ అయిపోతోంది. ఎదురుగా గేటు. గేటు బార్లా తీసి ఉంది. గేటు దాటితే బైపాస్‌కి దిగే రోడ్డు, కొంచెం పల్లం. అప్పుడు తట్టింది నాకు: దీన్ని ఎలా ఆపుతారు?

మిగతా రోజులన్నీ అడిగినా అడక్కపోయినా పడ్డాను. ఆ ఒక్క రోజూ, పడదామన్నా పడలేదు! గేటు దాటిపోయేను. పల్లంలో చక్రం తిరుగుతుంటే పెడల్స్ నా కాళ్ళని తిప్పేస్తున్నాయి. నేను తొక్కడం లేదు, అదే నన్ను తొక్కుతోంది. ఎడమ పక్క కాలువ. ఎదురుగా చెరుకు లోడుతో ట్రాక్టరు మెల్లగా వస్తోంది.

"దిగండీ!" అని వెనకనుంచి వరలక్ష్మి కేక.

"ఎలాగే!" అని నా కేక.

జనం ఇదంతా ప్రోగ్రాంలో భాగమనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొడుతున్నారు. ట్రాక్టరు డ్రైవరైతే బండి పక్కకి తీసి ఆపి, నాకు సెల్యూట్ కొట్టేడు!

ఇంతలో పక్కన స్కూటీ చప్పుడు. నూకరత్నం! చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, నాకు సమానంగా వస్తోంది. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్ళు రోడ్డెక్కితే పక్కన నేర్పేవాడుండాలని రూలు. ఉన్నాను కదా, పక్కనే.

"మేస్టారూ, సెయ్యి నా బుజం మీదెయ్యండి!"

వేసేను. ఆ స్థితిలో కూడా నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "ఇండికేటర్ వెయ్యి! మిర్రర్ చూడు!"

"మీరు నోరు మూసుకుని ఎదరకి సూడండి!" అంది.

మూసుకున్నాను. ఆవిడ మెత్తగా, నేను ఇన్నేళ్ళలో ఎవరికీ నేర్పలేనంత మెత్తగా బ్రేకేసింది. స్కూటీ ఆగింది. చక్రం ఆగింది. నేను ఒక్కణ్ణే ఆగలేదు. రోడ్డు పక్క కంకర గుట్ట మీద వెళ్ళి కూర్చున్నాను. కూర్చోవడమంటే మామూలుగా కాదు, కొంచెం ఎత్తునుంచి. ఇప్పుడర్థమైందా కుర్చీ ఎందుకొద్దన్నానో?

నూకరత్నం స్కూటీకి స్టాండేసి, చుట్టూ చూసుకుంది. ముందు బైపాస్, వెనక ట్రాక్టరు, ఆటోలు. అప్పుడు తెలిసింది ఆవిడకి తనెక్కడుందో. "మేస్టారూ, నేను రోడ్డెక్కీసేనండీ!" అంది, చెయ్యి నోటికడ్డం పెట్టుకుని. కంకర మీద కూర్చునే నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేను. "నువ్వు పాసైపోయేవు తల్లీ," అన్నాను. ఇప్పుడావిడ పొద్దున్నే స్కూటీ మీద వీధులన్నీ తిరిగేస్తోంది. వెనకాల బేసిన్, ఎదరకి చూపు.

శ్రీను ఆ వీడియో ఎవరెవరికి పంపేడో గానీ, సోమవారం నుంచి ఫోన్లే ఫోన్లు. కె. కోటపాడు నుంచి ఒకాయన, రాంబిల్లి నుంచి ఒకాయన. స్కూటీకి కాదు, కారుకి కాదు.

"మాస్టారూ, ఆ ఒంటి చక్రం నేర్పుతారా?"

"నేర్పనండి."

"అదేటండీ, అంత బాగా తొక్కేరు కదా!"

"ఎక్కించే పూచీ నాదేనండి. దించాలంటే మాత్రం ఆ చేపలమ్మే ఆవిణ్ణి అడగండి, ఆవిడకే వచ్చు."