ఎములాడ జాతరలో మైకు డ్యూటీ

దేవుణ్ణి నేను ఏమని పిలుస్తానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నన్ను కన్న అవ్వకు కూడా తెలియదు. రోజూ డైరీ రాసుకునేదాన్నే, అందులో కూడా రాయలేదు. అది ఏ స్తోత్రంలోనూ లేని పిలుపు. వేములవాడలో, మావాళ్ళ నోట ఎములాడలో, శివరాత్రి జాతర డ్యూటీలో, ఇసుక మీద వేసిన గుడారంలో దొరికింది.

లారీ మమ్మల్ని మూలవాగు దగ్గర దింపేసరికి అప్పుడే తెల్లవారుతోంది. చలి. వాగులో నీళ్ళు మడమలు తడిసేంత. మిగతాదంతా ఇసుక. ఇసుక నిండా ఎడ్లబండ్లు, బండ్ల కింద పడుకున్న జనం, మూడు రాళ్ళ పొయ్యిలు, పొగ. మాది కరీంనగర్ కాలేజీ ఆడపిల్లల వాలంటీర్ దళం. ఎనిమిది మందిమి. తెల్ల చీర, నడుముకు ఖాకీ బెల్టు, మెడలో ఈల, భుజానికి నీళ్ళ సీసా. మాకు డ్రిల్లు నేర్పింది ఫౌజులో పనిచేసి వచ్చిన పెద్దాయన. హవల్దార్ సాబ్ అనేవాళ్ళం. ఆయనకు జాతరైనా సరిహద్దే. గుడారాన్ని చౌకీ అనేవాడు. అన్నాన్ని రేషన్ అనేవాడు.

అందరినీ వరసలో నిలబెట్టి గుడి దిక్కు చెయ్యి చూపించాడు.

"అది ఫ్రంటు. దుష్మన్ ఎవ్వడు లేడు. అందరు మనోళ్ళే. గందుకే కష్టం."

ఆర్డర్లు మూడే. తప్పిపోయినవాళ్ళను వాళ్ళవాళ్ళతో కలపాలి. ఏడ్చేవాళ్ళకు నీళ్ళు ఇవ్వాలి. మేం ఏడవకూడదు.

నాది బెల్లంపల్లి. బాపు బొగ్గుబాయిలోకి దిగుతాడు. మా అవ్వకు పుట్టిన పిల్లలు దక్కకపోతే వేములవాడ రాజన్నకు మొక్కుకుంది, తర్వాత నేను దక్కాను. అందుకని రాజేశ్వరి. మా దిక్కు ఇది వింత కాదు. రాజన్నకు మొక్కితే పుట్టినవాళ్ళు ఊరూరా ఉంటారు. రాజయ్య, రాజవ్వ, రాజలింగం, రాజేశం, రాజమల్లు. ఎనిమిది మంది వాలంటీర్లలో ముగ్గురం రాజేశ్వరులమే. హవల్దార్ సాబ్ తికమక పడకుండా మమ్మల్ని ఏక్, దో, తీన్ చేశాడు. నేను తీన్.

మైకు ఏక్ చేతిలో ఉండేది. ఆ పిల్ల గొంతు కంచుగంట. గుడారం ముందు వాసానికి రేకు బూర కట్టి, కింద బ్యాటరీ పెట్టారు. నా పని గుడారం లోపల. తప్పిపోయినవాళ్ళను చాప మీద కూర్చోబెట్టి, పేలాలు పెట్టి, ధైర్యం చెప్పడం. ధైర్యం చెప్పడానికి పెద్దగా మాట్లాడక్కర్లేదు. పక్కన కూర్చుంటే చాలు. నాకు నచ్చిన పోస్టు.

రెండో రోజు మధ్యాహ్నానికి ఎండ, దుమ్ము, అరుపు కలిసి ఏక్ గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది. హవల్దార్ సాబ్ గుడారంలోకి తొంగి చూశాడు.

"తీన్. మైకు."

"నాకు రాదు సాబ్."

"ఏం రాదు? మాట రాదా?"

"మాట వస్తది సాబ్. బయటికి రాదు."

ఆయన నవ్వలేదు. జర ఆలోచించాడు. "కండ్లు మూసుకొని మాట్లాడు. ముంగట ఎవ్వరు లేరనుకో. ఫౌజుల మొదటి దినం నేను గట్లనే పరేడ్ చేసిన."

"అప్పుడేమైంది సాబ్?"

"గుంతల పడ్డ."

మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాను. నా చెవులకే వినపడనంత చిన్న మాట లోపల పుడితే, బూరలోంచి అది వాగంతా పరుచుకుంది. ఆ గొంతు నాది కాదేమో అనిపించింది. ఆ ధైర్యంతోనే మాట్లాడాను. కాకపోతే నాకు అలవాటైంది పుస్తకాల భాష. "ఎక్కడ ఉన్ననూ వెంటనే విచ్చేయవలసిందిగా కోరుతున్నాము" అనేదాన్ని. ఏక్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గొంతు లేకుండానే నవ్వేది.

పొద్దు వాలుతున్నప్పుడు ఒక ముసలామె వచ్చింది. సిరిసిల్లలో మగ్గం నేసే ఇల్లు వాళ్ళది. చేతిలో కొబ్బరికాయ, ముఖం నిండా చెమట.

"మా ఇంటాయన తప్పిపోయిండు బిడ్డా. పొద్దుగూకితే ఆయనకు కండ్లు కనవడయ్. రేచీకటి. చెయ్యి వట్టుకొని నేనే తిప్పుత. కోడె కాడికి నేను ముందు పోత అని పోయిండు. నేను కొబ్బరికాయ కొని ఎనుకకు తిరిగి చూసేసరికి ఏడ కనవడలే."

కోడె మొక్కు ఆ గుడికి పెద్ద మొక్కు. కోడెను తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, స్వామి ముందు కట్టేసి దండం పెట్టుకుంటారు. ఆలుమగలు కలిసి తిప్పుతారు. కోడె తిరిగే ఆ సందులో ఒక్క రోజే వేల మంది. కళ్ళు కనపడని మనిషి ఆ తొక్కిడిలో పడితే లేవడం కష్టం. బయట చూశాను. పొద్దు తాటిచెట్ల తలల దాకా వచ్చింది. ఎక్కువ సమయం లేదు.

"ఫికర్ చెయ్యకు అవ్వా. ఆయన పేరేంది?"

ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. "మొగని పేరు చెప్తరా బిడ్డా!"

"చెప్పకపోతే ఎట్ల పిలుస్త అవ్వా?"

"గుళ్ళె ఆయన పేరే."

"రాజన్నా?"

తల అడ్డంగా ఊపింది.

"రాజలింగమా? రాజేశమా? రాజయ్యా?"

చివరి దానికి కళ్ళు గట్టిగా మూసుకుంది. సరే, రాజయ్య.

"ఎట్లుంటడు?"

"ఎట్లుంటడు, మనిషి లెక్కుంటడు. నెత్తికి ఎర్ర రుమాలు."

బయట ఎటు చూసినా ఎర్ర రుమాళ్ళే. మైకు దగ్గరికి పోయి కళ్ళు మూసుకున్నాను. "సిరిసిల్ల వాస్తవ్యులు శ్రీ రాజయ్య గారు ఎక్కడ ఉన్ననూ వెంటనే వాలంటీర్ల గుడారానికి విచ్చేయవలెను. మీ భార్య గారు ఎదురుచూస్తున్నారు."

కళ్ళు తెరిచేసరికి రాజయ్యలు రావడం మొదలైంది. ముందు ఇద్దరు, వెనుక నలుగురు. ఒకాయన పరుగెత్తుకుంటూ. ఇంకొకాయన పెళ్ళాన్ని వెంటబెట్టుకుని, ఆమె "నేను ఈడుంటే ఆడ ఇంకెవతి ఉన్నదో సూపియ్యి" అంటూ. హవల్దార్ సాబ్ ఈల ఊదాడు.

"రాజయ్యలంతా లైన్ల నిలవడున్రి!"

నిలబడ్డారు. పదిమందికి పైనే. ముసలామె ఆ వరస ముందు నుంచి ఒక్కొక్కరినీ చూసుకుంటూ నడిచింది.

"గీయన గాదు. గీయన గాదు. గీయన జర సక్కగున్నడు గని, గీయన గూడ గాదు."

"నీది ఏ ఊరయ్యా?" అని చివరాయన్ని అడిగాడు హవల్దార్ సాబ్.

"బోథ్."

"సిరిసిల్ల అన్నరు గదా మైకుల. నువ్వెందుకచ్చినవ్?"

"రాజన్న జాతర్ల రాజయ్య అని పిలిస్తే పోకుంటే మంచిగుండదని అచ్చిన సాబ్."

వరసంతా నవ్వింది. ముసలామె నవ్వలేదు. గుడారం గుంజ పట్టుకుని పొద్దు వైపు చూస్తోంది. నవ్వుతున్న రాజయ్యలు అది చూసి ఊరుకున్నారు. బోథ్ రాజయ్య రుమాలు బిగించుకుని "మేం తలా ఒక దిక్కు ఎతుకుతం అవ్వా" అన్నాడు. అందరూ చెదిరిపోయారు. ఒక్క రాజయ్య కోసం అంతమంది రాజయ్యలు.

నేను మళ్ళీ పిలిచాను. మళ్ళీ. ఎవరూ రాలేదు. ఎండ ఎర్రబడింది.

ముసలామె నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "గట్ల పిలిస్తే ఆయన రాడు బిడ్డా. ఆయనను గారు అని ఎవలన్నరు?"

"మరి ఇంట్ల నువ్వెట్ల పిలుస్తవ్ అవ్వా?"

"ఏమని పిలుస్త? ఇగో అంట."

"అంతేనా?"

"అంతే. పెండ్లయిన కాడికెల్లి గంతే. ఇగో అంటే ఆయనకు తెల్వదా?"

మైకు ఆమె ముందుకు తిప్పాను. "అయితే నువ్వే పిలువు అవ్వా."

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "అవ్వో! గింత మందిల మొగన్ని పిలుస్తరా? సిగ్గు గాదా?"

ఆ మాట ఇంకెవరు అన్నా ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. సిగ్గు సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. "నాకు గూడ సిగ్గే అవ్వా," అన్నాను. "కండ్లు మూసుకొని మాట్లాడుత. నువ్వు గూడ మూసుకో. నేను అటు తిరుగుత."

ఆమె ఇంకోసారి పొద్దు వైపు చూసింది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను అటు తిరిగాను.

"ఇగో..."

అంత చిన్న మాట. బూరలోంచి వాగంతా పాకింది. ఆ తర్వాత జరిగింది నేను కళ్ళారా చూశాను. ఇసుక మీద ఉన్న మగవాళ్ళంతా ఒక్కసారి తలలు తిప్పారు. బండి ఇరుసుకు ఆముదం పూస్తున్నాయన, గడ్డం గీయించుకుంటున్నాయన, చాయ్ తాగుతున్నాయన. అందరి ఇళ్ళల్లో పిలుపు అదే మరి.

"ఇగో... నేనే. ఇటు రా. బూర కాడ ఉన్న. ఇగో..."

హవల్దార్ సాబ్ కూడా తల తిప్పాడు. తర్వాత ఎవరైనా చూశారేమోనని సర్దుకున్నాడు.

ఆమె ఆగలేదు. పిలుస్తూనే ఉంది. కొంతసేపటికి గుడి దిక్కు నుంచి కేకలు వినపడ్డాయి. జనం రెండుగా చీలిపోతున్నారు. ఆ మధ్యలోంచి ఒక తెల్ల కోడె వస్తోంది. మెడలో గంట, కొమ్ములకు పసుపు. దాని తాడు పట్టుకుని ఒక ముసలాయన. తల పైకెత్తి, ఎదురుగా ఉన్న దేన్నీ చూడకుండా, ఒక్క గొంతు వైపే నడుస్తున్నాడు. కోడె వస్తుంటే ఎవరు అడ్డం నిలబడతారు? దండం పెట్టి దారి ఇస్తున్నారు. వెనకాల గుడి కోడెల మనిషి "తాడిడువయ్యా, కోడెను ఏడికి తీస్కపోతున్నవ్!" అని పరుగెడుతున్నాడు. ఆ వెనుక బోథ్ రాజయ్య, "దొరికిండు! దొరికిండు!" అని.

గుడారం ముందుకు వచ్చి కోడె ఆగింది. ముసలాయనా ఆగాడు. చెయ్యి చాపాడు. ముసలామె మైకు వదిలేసి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎన్నిసార్లు పిలిచిరి, ఇనవడలేదా?"

"ఇనవడ్డది. రాజయ్య గారు అన్నరు. ఎవలో పట్వారి సాబ్ అనుకున్న. కోడెను వట్టుకొని నీ కోసం నిలవడ్డ. నువ్వు లేంది ఎట్ల తిప్పాలె?"

ఏక్ గొంతు లేకుండానే చప్పట్లు కొట్టింది. హవల్దార్ సాబ్ కోడెల మనిషికి సర్ది చెప్పి నా వైపు తిరిగాడు. "తీన్. వీళ్ళను గుడి దాక దింపి రా. కోడెతోని సహా."

అలా ఆ సాయంత్రం నేనూ వాళ్ళతో గుడి చుట్టూ తిరిగాను. దీపాలు వెలిగించారు. ఆవరణలోనే ఉన్న దర్గా దగ్గర లోబాన్ పొగ. ముసలాయన ఒక చెయ్యి తాడు మీద, ఒక చెయ్యి ఆమె చేతిలో. నేను చదివిన పుస్తకంలో కోడె ధర్మానికి గుర్తని ఉంది. నడుస్తూ ఆమెను అడిగాను, కోడెను ఎందుకు కడతాం అవ్వా అని.

"ఆయన ఇంటి ముంగట మనదొకటి కట్టేసి పోతం బిడ్డా. మనం ఇంటికి పోయినా మనదొకటి ఆడ ఉన్నట్టే గదా."

ఇంతకంటే మంచి అర్థం నాకు తర్వాత ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

లింగం ముందు జనం "రాజరాజేశ్వరా" అని కేకలు పెడుతున్నారు. ముసలాయన కూడా. ఆమె నోరు మాత్రం కదల్లేదు. అప్పుడు నాకు తట్టింది. మొగుడి పేరు అనకూడదు. దేవుడి పేరూ అదే. పెళ్ళయిన నాటి నుంచి ఏటేటా ఇంత దూరం వచ్చి, ఈమె దేవుణ్ణి ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు.

మా వంతు వచ్చింది. ఆమె గడప దగ్గర వంగింది. ఇంట్లో పనిలో ఉన్న మనిషిని పిలిచినట్టు మెల్లగా అంది.

"ఇగో. వచ్చినం."

అంతే. ఇంకేమీ అడగలేదు. లేచింది.

బయటికి వచ్చాక సిగ్గుపడుతూ నన్ను అడిగింది. "బిడ్డా, మైకుల పిలిచిన గదా. లోపటాయన గూడ ఇన్నడా?"

"ఇనే ఉంటడు అవ్వా."

"ఏమనుకున్నడో! ఒక్కసారి పిలిస్తనే ఇంటడు. అన్నిసార్లు పిలిచిన." నవ్వింది. అప్పుడు అడిగింది నా పేరు. చెప్పాను. నాలుక కరుచుకుంది. "నీది గూడ అనరాని పేరేనా!"

మర్నాడు గుడారం విప్పేశాం. బూర దించి గోనెలో చుట్టాం. హవల్దార్ సాబ్ నఫ్రీ, అంటే తలల లెక్క, చూసుకున్నాడు. ఏక్, దో, తీన్, మిగతావాళ్ళు. అందరం ఉన్నాం. "ఎవ్వరు గుంతల పడలే. షాబాష్," అన్నాడు. బెల్లంపల్లికి పోయాక, జాతర ఎట్లయిందని బాపు అడిగితే మంచిగైంది అన్నాను. అంతకంటే పెద్ద మాటలు నాకు ఇంకా బయటికి రావు. కానీ పొద్దున దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే చాలు. ఎర్రటి ఎండలో జనం రెండుగా చీలతారు. తెల్ల కోడె వస్తుంది. తాడు పట్టుకుని, కనపడని కళ్ళతో, గొంతు వినపడే దిక్కుకు ఒకాయన నడిచి వస్తుంటాడు. అప్పుడు నేను దేవుణ్ణి పిలుస్తాను. ఒక్కసారే.

గుడారం విప్పిన ఆ రోజు మా లారీ వాగు దాటుతుంటే సిరిసిల్ల బండి ఒకటి ఎదురుగా ఆగి ఉంది. ముసలాయన ముందు కూర్చున్నాడు. ఆమె వెనుక నిలబడి, కొంగు నెత్తి మీద నుంచి జారిపోతున్నా పట్టించుకోకుండా, మైకు లేకుండానే వాగంతా వినపడేలా నాకు కేకేసింది.

"ఇగో! పైలం బిడ్డా!"