హాము అన్నం

ఆకలికి అన్నాన్నీ, అన్నానికి రుచినీ ఇచ్చిన నా పరలోకపు తండ్రికి స్తోత్రం. పరాయి దేశంలోనూ తన బిడ్డల్ని ఒక్కచోట కూర్చిన ఆయనకే మహిమ.

మావారికి సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికో కొత్త తెలుగు కుటుంబం దిగే రోజులవి. ఆదివారం హౌగాంగ్‌లోని మా ఫ్లాట్‌లోనే సహవాసం, ఆరాధన అయ్యాక ప్రేమవిందు. కొడుకు దగ్గరికి కాకినాడ నుంచి వచ్చిన ఒక మామ్మగారు, వెళ్లేముందు నా తలమీద చెయ్యి వేసి ప్రార్థించేవారు. తల్లి లేనిదాన్ని. వారమంతా ఆ చేతి కోసమే ఎదురుచూసేదాన్ని.

ఆ క్రిస్మస్‌కి పక్కింటి చైనీస్ ఆంటీ ఇచ్చిన హామ్ సగం మిగిలిపోయింది. "పారేయకు లా! అన్నంలో కలిపి ఓవెన్‌లో పెట్టు," అని ఆవిడే తన సింగపూర్ యాసలో నేర్పింది. ఆ ఆదివారం ప్రేమవిందుకి చల్లారిన అన్నంలో హామ్ ముక్కలు, పుట్టగొడుగులు, వెన్నలో పిండి వేయించి పాలు పోసి కాచిన చిక్కటి సాస్ కలిపాను. పైన చీజ్ తురిమి, ఎర్రగా పొంగేదాకా ఉంచాను. బయట వాన. ఇల్లంతా కమ్మటి వాసన.

"ఏం అన్నమే ఇది?" అన్నారు మామ్మగారు.

"హామ్ అన్నం, మామ్మగారూ."

"హామా? బైబిల్లో జలప్రళయం నాడు ఓడ ఎక్కిన ముగ్గురన్నదమ్ముల్లో ఒకడి పేరు కదే అది! మిగతా ఇద్దర్నీ ఎప్పుడు వండుతావు?"

ఇల్లంతా గొల్లున నవ్వింది. హామ్ అంటే ఏమిటో తెలిసే హాస్యమాడుతున్నారనుకుని నేనూ నవ్వాను. కాసేపటికి ఆవిడే ప్లేటు చాపారు. "ఇంకాస్త వెయ్యి. కోడి ఎంత మెత్తగా ఉందే!"

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"కోడి కాదు మామ్మగారూ... పంది మాంసం."

ఆవిడ ప్లేటు కింద పెట్టేశారు. ఆ రోజు నా తలమీదికి ఆ చెయ్యి రాలేదు. పై ఆదివారానికల్లా ఊరెళ్లిపోయారు.

ఫోన్ చేసి ఏడ్చాను.

"నీమీద కోపం లేదే పిచ్చిదానా. బాప్తిస్మం నాడు పంది ముట్టనని ప్రభువుకు మాటిచ్చాను. తెలియక తిన్నదాన్ని ఆయన క్షమిస్తాడు. రుచిగా ఉందని మళ్లీ అడిగాను చూడు, అదే మింగుడు పడట్లేదు."

"నాకోసం ప్రార్థించండి మామ్మగారూ."

"తండ్రీ..." అని మొదలుపెట్టి ఆపేశారు. "నోరు రావట్లేదే," అన్నారు చివరికి.

ఆవిడ ఇప్పుడు మంచాన ఉన్నారని కబురొచ్చింది. ఇది చదువుతున్నవారు ఒక్క క్షణం కళ్లు మూసుకుని నాతో అనండి: తండ్రీ, ఆ ముద్ద బరువు ఆమె గుండెలోంచి దించు. ఆ నోట మళ్లీ ప్రార్థన పలికించు.