బుర్మకాన్ కథ ఎత్తుకుంటే

బుర్మకాన్ కథ ఎత్తుకుందంటే ఎవరి కొంపో మునిగిందని మా లోయలో అందరికీ తెలుసు. ఆవిడ తప్పేం లేదు పాపం. నారిన్ నది ఒడ్డున మా ఊళ్ళలో చావు కబురు మొహాన కొట్టినట్టు చెప్పరు. "మీవాడు పోయాడు" అని తిన్నగా అనేవాడు మనిషే కాడని మావాళ్ళ లెక్క. పెద్దలు నలుగురు వెళ్ళి కూర్చుంటారు, టీ తాగుతారు. వాళ్ళలో మాట తెలిసినవాళ్ళు ఒకరు ఏదో పాత కథ మొదలుపెడతారు. గూడు చెదిరిన డేగ కథో, పిల్లని పోగొట్టుకున్న జింక కథో. కథ నడిచేకొద్దీ వినేవాళ్ళకి లోపల గుబులు మొదలవుతుంది. చివరికి పోయిన మనిషి పేరు ఆ ఇంటివాళ్ళే తమ నోటితో అనాలి. అప్పటిదాకా కథ ఆపకూడదు, వచ్చినవాళ్ళు లేవకూడదు. పేరు పైకి రాకపోతే ఏడుపు లోపలే ఉండిపోయి మనిషిని తినేస్తుందని మా నమ్మకం.

ఆ పని బుర్మకాన్ ఇరవై ఏళ్ళు చేసింది. ఉద్యోగం మాత్రం సామూహిక క్షేత్రం పాలకేంద్రంలో పాలు కొలవడం. బొద్దుగా ఉండేది, ఎడమకాలు కాస్త ఈడ్చేది, నోరు తెరిస్తే ఎదుటివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే. కథలన్నీ వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. అంతకుముందు కబుర్లు చెప్పే ముసలాయనకి గొంతు పోతే, "నువ్వు రా అమ్మా" అని ఒకసారి ఈవిణ్ణి తీసుకెళ్ళారు. అంతే, ఇంక వదల్లేదు. ఏ ఇంటికెళ్ళినా ఆ ఇంటివాళ్ళతో పాటు తనూ ఏడ్చేది. ఇంటికొచ్చాక రెండు రోజులు రొట్టె ముట్టేది కాదు.

దానివల్ల ఆవిడకి జరిగిన అన్యాయం ఎవరికీ పట్టలేదు. అన్ని కథలు కడుపులో ఉన్న మనిషికి సరదాకి ఒక్కటంటే ఒక్కటి చెప్పుకోడానికి లేకుండా పోయింది. ఒకసారి కవ్వం అడగడానికి పక్కింటి కెన్జెబూ దగ్గరికెళ్ళింది. కెన్జెబూ పెరట్లో ఉంది. చిన్నపిల్లలు చుట్టూ మూగితే, ఉండబట్టలేక నక్క కథ ఎత్తుకుంది. పాల బకెట్టుతో లోపలికొచ్చిన కెన్జెబూ చెవిన "అనగనగా" అన్న మాట పడింది. బకెట్టు కింద పడేసి, "అయ్యో, నా కొడుకో!" అని జుట్టు పీక్కోవడం మొదలుపెట్టింది. కొడుకులిద్దరూ సైన్యంలో ఉన్నారు మరి.

"ఒట్టు, ఎవరూ పోలేదే! నక్క కథే తల్లీ, నక్క!" అని బుర్మకాన్ కాళ్ళావేళ్ళా పడింది.

"నక్కంటే ఎవరు? మా పెద్దాడా, చిన్నాడా?" అంటుంది కెన్జెబూ.

ఊరంతా పోగయ్యి, సైన్యానికి తంతి కొట్టి, జవాబొచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆ తర్వాత బుర్మకాన్ ఎవరింటికెళ్ళినా గడపలోనే, "రా అక్కా రా, కానీ కథలొద్దు" అనేవాళ్ళు. నవ్వుతూనే అనేవాళ్ళనుకోండి. ఆవిడా నవ్వేది. లోపల ఎంత చివుక్కుమనేదో ఎవరు చూశారు?

భయం లేకుండా ఆవిడ కథ విన్నవాడు ఒక్కడే, మొగుడు ఒరొజాలీ. క్షేత్రం గొర్రెలు కాసేవాడు, మాట తక్కువ మనిషి. వాళ్ళకి పిల్లల్లేరు. "చెప్పవే, నాకు చెప్పు," అనేవాడు. "నువ్వు నా ఎదురుగానే కూర్చున్నావు. ఇంకెవరి కబురైతే నాకేం భయం?" కథ సగంలోనే గురకపెట్టేవాడు. మర్నాడు మళ్ళీ మొదట్నుంచీ చెప్పమనేవాడు. "మా గొర్రెలాయనకి ఒక కథ సరిపోతుంది ఏడాదికి" అని పాలకేంద్రంలో చెప్పి మురిసిపోయేది.

ఒక ఏడు జూన్‌లో ఒరొజాలీ పోయాడు. ఎగువ బీళ్ళనుంచి దిగుతూ, మంచు కరిగి పొంగిన వాగు దాటబోయాడు. గుర్రం బయటికొచ్చింది, మనిషి రాలేదు. శవం దొరికిందనీ, మధ్యాహ్నానికి ట్రక్కులో తెస్తున్నారనీ పొద్దున్నే ఒక రౌతు వచ్చి పెద్దాయన దోస్మత్‌కి చెప్పాడు. ట్రక్కు వచ్చేలోపు ఆవిడకి తెలియాలి. పాలకేంద్రం వెనక పెద్దలందరూ చేరారు గానీ ఒక్కడికీ కాలు కదలదు.

"నువ్వెళ్ళు దోస్మత్ తాతా."

"నేను 'అనగ' అంటే చాలు, 'ఎవరు తాతా?' అంటుంది. ఆవిడకి తెలియని కథ నా దగ్గరేముందిరా? నువ్వెళ్ళు."

"నాకు గొంతునొప్పి."

"ఇందాక గుర్రాన్ని బండబూతులు తిట్టినప్పుడు లేదేం, గొంతునొప్పి?"

ఇలా వాదులాడుకుంటుంటే నుర్జాత్ వచ్చింది. ఒరొజాలీ తమ్ముడి పెళ్ళాం, బుర్మకాన్‌కి తోటికోడలు. కొట్టుకి దారి చెప్పమన్నా రెండుసార్లు తప్పు చెప్పే పిల్ల. కళ్ళు అప్పటికే వాచిపోయి ఉన్నాయి. "మీరు మగాళ్ళేనా?" అంది. "మా అక్కకి నేను చెప్తా. నా వెనక వచ్చి కూర్చోండి చాలు."

బుర్మకాన్ బోర్సోకులు, అంటే పిండి ముక్కలు, నూనెలో వేయిస్తోంది. మొగుడు ఆ వారం దిగొస్తాడని పిండి ఎక్కువే కలిపింది. అయిదుగురు ఒకేసారి గడప దాటి రావడం చూసి చేతిలో గరిటె ఆగిపోయింది. బాణలి దించి, దుప్పటి పరిచి, అందరికీ టీ పోసింది. ఎవరూ తాగలేదు.

"అక్కా," అంది నుర్జాత్, "అనగనగా ఒక సరస్సు. అందులో రెండు బాతులు."

బుర్మకాన్ టీ కూజా కింద పెట్టింది.

"బాతులు కాదే," అంది. "జక్కవలు. బాతులు జంట విడిపోతే ఇంకోటి వెతుక్కుంటాయి."

"ఆఁ, జక్కవలే. మగది కొండకవతల నీళ్ళు చూసొస్తానని వెళ్ళింది. వెళ్ళి... అక్కా, తర్వాత నాకు రాదు."

"వెళ్ళేముందు ఏం చెప్పిందో అది వదిలేశావు. అలా కాదు చెప్పడం," అంటూ బుర్మకాన్ తనే అందుకుంది. ఇరవై ఏళ్ళు ఇంకొకళ్ళ ఇళ్ళలో చెప్పిన గొంతే. మగపక్షి వెళ్ళింది. చలి వచ్చింది. సరస్సు అంచులనుంచి గడ్డకడుతోంది. ఆడపక్షి మాత్రం కదలడం మానలేదు. గిరగిరా తిరుగుతూనే ఉంది, తిరిగినంతమేరా నీళ్ళు గడ్డకట్టలేదు. ఒక చలికాలం అయింది. రెండోదీ అయింది. మూడోదాంట్లో తోడేలు వచ్చి ఎవరికోసం తిరుగుతున్నావని అడిగింది, గాలి వచ్చి అడిగింది. కథలో లేనివన్నీ వచ్చి అడగడం మొదలుపెట్టాయి. కథ నడిచినంతసేపూ ఆయన పోనట్టే కదా. ఆ సంగతి గదిలో అందరికీ తెలుస్తూనే ఉంది.

"చాలమ్మా," అన్నాడు దోస్మత్ తాత, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంక పేరు చెప్పేయ్ తల్లీ."

అనేశాక ముసలాయన నాలిక్కరుచుకున్నాడు. మాలో ఆడది మొగుడి పేరు ఎత్తదు. ఏ ఇంట్లో మొగుడు పోయినా, ఆ పేరు చెప్పడానికి అత్తో, కొడుకో, కూతురో ఉండేవాళ్ళు. ఈ ఇంట్లో ఎవరున్నారు? తమ్ముడేమో శవంతో పాటు ట్రక్కులో వస్తున్నాడు. నుర్జాత్‌కి బావగారు, ఆవిడా పలకకూడదు. ఇంత చిన్న సంగతి పెద్దల్లో ఒక్కరికీ తట్టలేదు. కావాలంటే తాతే చెప్పొచ్చు గానీ, బయటివాళ్ళు అంటే అది చెల్లదు.

ఎగువ రోడ్డు మీద ట్రక్కు చప్పుడు వినిపించింది.

"అక్కా, ఆడపక్షి ఏమని పిలిచింది?" అంది నుర్జాత్, ఆవిడ చేతులు రెండూ పట్టుకుని. "నువ్వే చెప్పాలక్కా. ఇంకెవరూ లేరు."

"మా గొర్రె..." అని ఆగిపోయింది బుర్మకాన్. పెళ్ళయిన ముప్పైనాలుగేళ్ళలో నోట పలకని పేరు. గోడవైపు తిరిగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు, మెల్లిగా అంది.

"ఒరొజాలీ."

మళ్ళీ అంది. మూడోసారి గట్టిగా, కేకేసి పిలిచినట్టు అంది. వాకిట్లో ట్రక్కు ఆగింది.

"ఎంత బాగుందే నుర్జాత్ ఆ పేరు!" అంది బుర్మకాన్, తోటికోడలి ఒళ్ళో కూలబడుతూ. "ఆయనకి వినే చెవులున్నప్పుడు ఒక్కసారైనా పిలవలేదే!"