ట్రాంబోన్ల ఆత్మారాం

నిజాం ఫౌజు బ్యాండును ఎత్తేసి వాయిద్యాలు హర్రాజు వేసిన రోజున తెలివైనవాళ్లు క్లారినెట్లూ డోళ్లూ పట్టుకుపోయారు. ఆ బ్యాండులోనే పనిచేసిన మా నిజామాబాదు ఆత్మారాం, పెళ్లి బ్యాండు పెడదామని తీరిగ్గా వెళ్లాడు. అప్పటికి మిగిలినవి ట్రాంబోన్లే. ముందుకూ వెనక్కూ లాగుతూ ఊదే ఆ ఇత్తడి గొట్టాలు పెళ్లి బ్యాండుకు ఒకటో రెండో చాలు. ఈయన బండెడు తెచ్చాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఫౌజులో విన్న జర్మనీ సింఫనీ ఒకటి ఆయన బుర్రలో తిష్ట వేసింది. పెద్ద దండు కూర్చుని వాయించవలసిన నాలుగు భాగాల సంగీతాన్ని ఒక్క ట్రాంబోన్లకే మార్చి రాశాడు. వయొలిన్ల పనీ వాటికే, ఫ్లూటు పనీ వాటికే. పిట్ట కూయవలసిన చోట దున్నపోతు రంకె వేసింది.

"నీ సింఫనీ ఆకు తెస్తదా, తంబాకు తెస్తదా?" అనేది బీడీలు చుట్టి ఇల్లు నడిపే భార్య తారాబాయి.

ఆయన కోరిక మాత్రం ఒక్కటే. ఆ నాలుగు భాగాలూ ఒక్కసారైనా జనం ముందు మొదటినుంచి చివరిదాకా వాయించాలి. జనానికి ఆ కోరిక లేదు.

బోధన్‌లో చెరకు కంట్రాక్టరు రాజారాం కొడుకు బరాత్‌లో నెమ్మదిగా సాగే రెండో భాగం ఎత్తుకున్నాడు. గుర్రం మీద పెళ్లికొడుకు కునికాడు. ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు.

"పెండ్లనుకున్నవా, పీనుగనుకున్నవా? సినిమా పాట కొట్టు!" అని రాజారాం మీదికొచ్చాడు.

తర్వాత రాజారాం తండ్రి పోయినప్పుడు, చావుకు ఇంతకన్నా తగిన చప్పుడు లేదని రాజారామే ఆత్మారాంను పిలిపించాడు. చావింట్లో అంత వెలిగిపోతున్న ముఖాన్ని నేను మరెక్కడా చూడలేదు. కానీ మూడో భాగంలో ఉండగానే శ్మశానం వచ్చేసింది. ఆత్మారాం పాడెకు అడ్డం పడ్డాడు.

"రాజారామన్నా, చక్కెర ఫ్యాక్టరీ మీదికెళ్లి తిప్పుకొద్దం. ఇంకొక భాగం ఉన్నది."

"మా బాపును కాలవెట్టనీకె తీస్కపోతున్నమా, షికారుకు తీస్కపోతున్నమా?"

మోసేవాళ్ల తిట్లు ఇక్కడ రాయను. శవాన్ని ఊరేగించమన్న బ్యాండు మాస్టరని జిల్లా అంతా నవ్వింది.

1974లో ఆత్మారాం పోయాడు. ముసలివాళ్లయిన ఆయన బ్యాండు మనుషులు ట్రాంబోన్లు తుడుచుకొని వచ్చి సింఫనీ మొదలుపెట్టారు. సగం స్వరాలు పక్కకు పోయాయి. దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, ఆచారం ప్రకారం చెవిలో పేరు పెట్టి పిలిచారు. ఆయన పలకలేదు. ఇంకా మూడో భాగమే నడుస్తోంది, శ్మశానం కనబడుతోంది. పాడె మళ్లీ ఎత్తబోతుంటే తారాబాయి అడ్డం వచ్చింది.

"గంజ్ మీదికెళ్లి తిప్పుండ్రి. ఇంకొక భాగం ఉన్నది."

"పీనుగను గట్ల తిప్పరక్కా" అన్నాడు మోసేవాళ్లలో ఉన్న సాయన్న.

"బతికినన్ని రోజులు అందరు నడుమల్నే ఆపిండ్రు. ఇయ్యాల గూడ ఆపితె నేనీడికెల్లి లేవ" అని రోడ్డు మీదే కూర్చుంది.

తిప్పారు. గంజ్ బజారులో పసుపు బస్తాల మధ్య నాలుగో భాగం మోగింది. మోసేవాళ్లు చెమటలు కక్కుతూ, సచ్చినంక గూడ సతాయిస్తుండని గొణిగారు. చివరి స్వరం ఆగింది. శవయాత్ర కాబట్టి చప్పట్లు లేవు. తారాబాయి పాడె దింపించి, వంగి భర్త చెవిలో చెప్పింది.

"మొత్తం అయింది. ఇగ పోవయ్యా."