సమాయిల్ అత్తమ్మ

కడపలో బీఎస్సీ రెండో ఏడు చదువుతుండగానే నాకు పెళ్లయింది. ఆ తర్వాత మస్కట్, కాపురం, కూతురు. మా ఆయన అక్కడే అల్ ఖువైర్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవాడు. పాప ఒకటో తరగతిలో చేరాక, ముప్ఫై దాటిన వయసులో, నేను ఆ ఊళ్లోనే మళ్లీ కాలేజీ మెట్లెక్కాను. తీసుకున్నది కెమిస్ట్రీ.

క్లాసులో అందరూ నిన్నమొన్న స్కూలు వదిలిన పిల్లలు. నా ఈడుది ఒక్కతే ఉంది. సమాయిల్ అనే ఊరి నుంచి వచ్చే ఒమానీ ఆవిడ, నలుగురు పిల్లల తల్లి. ల్యాబ్‌లో మా ఇద్దరికీ ఒకే బల్ల ఇచ్చారు. నాలాంటిదే ఇంకొకతె దొరికిందని మొదటిరోజు ప్రాణం లేచొచ్చింది.

బ్రేక్‌లో బయటికి వస్తే వరండా బెంచీ మీద రంగుల ముసుగు వేసుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్లో చంటిబిడ్డ, పక్కన కాఫీ ఫ్లాస్కు.

"మా అత్తగారు. చిన్నవాడు నన్ను వదిలి ఉండడు కదా, అందుకని ఆమె కూడా రోజూ వస్తుంది" అంది నా స్నేహితురాలు, అదేమంత విశేషం కాదన్నట్టు.

అంతకు ముందు వారమే మా అత్తగారు ఊరి నుంచి ఫోన్ చేసింది. "ఈ వయసులో కాలేజీకి పోయి ఏం జేస్తావమ్మా? పిల్లకు వేళకింత అన్నం ఎవురు పెడతారు?" అంది.

ఇక ఆ రోజు నుంచి నాకు చదువు కన్నా ఆ బెంచీ మీదే ధ్యాస. పెద్దావిడ ఖర్జూరాలు తీసి కోడలి నోటికి అందిస్తుంటే, నేను వంటింట్లో నిలబడి మింగి వచ్చిన చల్లటి అన్నం గుర్తొచ్చేది. ల్యాబ్‌లో టైట్రేషన్ చేస్తే నా స్నేహితురాలి గాజు ఫ్లాస్కులో రంగు సరిగ్గా లేత గులాబీ దగ్గర ఆగేది. నాది ఒక్క చుక్క ఎక్కువై ముదిరిపోయేది. ఇంట్లో అంత నిశ్చింత ఉంటే నాకు మాత్రం ఆ చుక్క ఎక్కువవుతుందా అని కుళ్లుకునేదాన్ని. ఆమె మార్కులు చూసి నవ్వు మొహంతో బాగుందనేదాన్ని. లోపల మాత్రం మంట.

ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున్నే పాపకు జ్వరం వచ్చింది. అప్పటికే ఆఫీసుకు వెళ్లిన మా ఆయనకు ఫోన్ చేశాను.

"సెలవు యాడ ఇస్తారే? ఆడిటర్లు వచ్చి కూసున్నారు. పరీక్ష మళ్లా రాసుకోరాదా?"

మళ్లీ అంటే మరుసటి ఏడాది. పాపకు మందు వేసి, దుప్పటి చుట్టి, టాక్సీలో కాలేజీకి తీసుకెళ్లాను. బెంచీ మీది పెద్దావిడ నన్నొక్క మాట అడగలేదు. పాపను లాక్కుని ఒళ్లో పడుకోబెట్టుకుని, లోపలికి పొమ్మని చెయ్యి ఊపింది.

పరీక్ష ముగించి బయటికొచ్చేసరికి పాప ఒంటికి చెమట పట్టి, ఆమె ముసుగు కొంగు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతోంది. కళ్లు తుడుచుకున్నాను. కృతజ్ఞత ఉంది, కాదనను. కానీ ఆ క్షణంలో అసూయే ఎక్కువగా ఉంది. ఇక ఆపుకోలేకపోయాను.

"మీ కోడల్ని చూస్తే నాకు కుళ్లు" అన్నాను పెద్దావిడతో, ఇంగ్లీషులో. నా వెనకే బయటికొచ్చిన స్నేహితురాలు నవ్వు ఆపుకుంటూ ఆ మాట ఆమెకు అరబీలో చెప్పింది.

పెద్దావిడ నవ్వలేదు. నెమ్మదిగా ఏదో అంది. ఈసారి నా స్నేహితురాలి మొహం మారిపోయింది. నా వైపు తిరిగి చెప్పింది.

"తనకూ నన్ను చూస్తే అసూయే అంటోంది. తనని ఎవరూ బడికి పంపలేదట. బిడ్డ కోసం వస్తున్నానని ఇంట్లో చెబుతుందట గానీ, వచ్చేది ఆ ల్యాబ్ కిటికీ అద్దంలోంచి మనం ఏం చేస్తున్నామో చూడ్డానికట."

పెద్దావిడ పక్కన కూలబడ్డాను. ఫ్లాస్కు మూత తీసి నాకూ కాఫీ పోసిచ్చింది.

ఆ సాయంత్రం ఆయన పాప నుదురు తాకి చూసి, "పొద్దున నేను రావల్సింది" అన్నాడు. ఆ వారమంతా రాత్రి వంట ఆయనే చేశాడు.

ఫలితాలు వచ్చాయి. నేనూ నా స్నేహితురాలూ పాసయ్యాం, ఎప్పటిలా ఆమెకే ఎక్కువ మార్కులు. తర్వాతి సెమిస్టర్‌కి కావాలంటే బల్ల మార్చుకోవచ్చన్నారు. నేను మార్చుకోలేదు. అలాగని కుళ్లు పోయిందని చెప్పను. బ్రేక్‌లో ఆ పెద్దావిడ మొదటి ఖర్జూరం కోడలికే ఇచ్చేది, నాకు రెండోది.