అటు చేరని గొంతు

రెండు కంపెనీల లైన్లు కొనేస్తే ఇక నెట్ ఆగదని ఇంకా వాదిస్తున్నారు చూడండి, మీకే చెప్తున్నా. 2006 వేసవిలో, అనంతపురంలో, నేనూ అచ్చం ఇలాగే వాదించా.

నేను హైదరాబాద్‌లో పెరిగినోణ్ణి. చేతిలో ఎప్పుడూ ఫోనే. అనంతపురంలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పని. మా రౌటర్‌కి రెండు దారులు: పామిడి మీదుగా హైదరాబాద్‌కి ఒకటి, హిందూపురం మీదుగా బెంగళూరుకి ఇంకోటి. ఏ దారిలో ఎక్కడికి పోవచ్చో పక్క రౌటర్లు మాకు చెప్పే పద్ధతి పేరు బీజీపీ. మా రౌటర్‌లో మెమరీ తక్కువ. అందుకే హైదరాబాద్ కంపెనీవాళ్ళతో, "లోకంలోని దారులన్నీ చెప్పొద్దు. 'అంతా నాకే పంపు' అని ఒక్క డిఫాల్ట్ రూట్ ఇవ్వండి, చాలు" అన్నా. రెండు దారుల్లో ఏది ముందో చెప్పే లోకల్ ప్రిఫరెన్స్‌ని ఆ లైన్‌కి పెంచి, బయటికెళ్ళేదంతా అటే తోశా.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం, ఒక ఆస్పత్రిలో మా లైన్ మీద నడిచే నెట్ ఫోన్ పెట్టడానికి వెళ్ళా. కణేకల్ రైతు రంగప్ప ట్రాక్టర్ మీంచి పడ్డాడు, తలకి దెబ్బ. స్కాన్ అప్పటికే బెంగళూరు డాక్టరమ్మకి చేరింది. ఇక్కడే ఆపరేషన్ చెయ్యాలా, బెంగళూరు తీసుకుపోవాలా, ఆమే తేల్చాలి.

"ఎడమ కంటిపాప ఎలా ఉంది?" అంది స్పీకర్‌లో.

ఆస్పత్రి డాక్టర్ చెప్పాడు.

"హలో? కంటిపాప?"

మళ్ళీ చెప్పాడు, గట్టిగా. ఆమె ఊపిరి కూడా మాకు వినిపిస్తోంది. పక్కన ఎవరితోనో మెల్లగా, "అక్కడ ఎవరూ లేరు" అంది.

రంగప్ప భార్య లక్ష్మక్క స్పీకర్ మీదికి వంగింది. "ఈడే ఉండాం కదమ్మా. లేమంటాదేంది సామీ?"

నా భయం కాస్తా కోపమై కాంపౌండర్ మీద పడింది. "మైకు ఏం చేశావ్?"

"నా మీదెందుకప్పా ఎగురుతావు? ఫోను లైట్లు చూడు, పచ్చగానే ఉండాయి."

నిజమే. లాప్‌టాప్‌లో మా రౌటర్‌ని అడిగితే రెండు సెషన్లూ, అంటే పక్క రౌటర్లతో దాని బీజీపీ మాటలు, అప్ అంది. సెల్‌లో డాక్టరమ్మకి కొట్టా, కలవలేదు. అప్పుడు వెలిగింది. నా సెల్ కంపెనీ కేబుల్ పోయేదీ పామిడి దారినే, అంటే చచ్చింది ఆ దారే.

హైదరాబాద్ సెషన్ ఆపేశా. అంతా బెంగళూరు దారికి మళ్ళింది, డాక్టర్ ఇంకోసారి చెప్పాడు.

"ఆ, వినిపిస్తోంది. కంటిపాప పెద్దదైందా? అయితే ప్రయాణం వద్దు. ఇప్పుడే, అక్కడే తల తెరవండి."

రంగప్ప బతికాడు.

పామిడి దగ్గర తాగునీటి పైపులకి తవ్వుతూ జేసీబీ కేబుల్ తెంపేసిందట. కానీ మాతో మాట్లాడే ఆ హైదరాబాద్ కంపెనీ రౌటర్ ఉన్నది అనంతపురంలోనే. దానికేం కాలేదు. వెనక దారి లేకపోయినా 'నాకే పంపు' అంటూనే ఉంది. డాక్టరమ్మ మాట బెంగళూరు దారిలో వచ్చేది. మా మాట ఆ పెట్టెలోకి పోయి మాయమయ్యేది.

ఇప్పుడు పక్క రౌటర్ చెప్తే నమ్మను. దూరంగా, అవతలి ఊళ్ళో ఉన్న అడ్రస్ ఒకటి బదులిస్తేనే ఆ దారిలో ట్రాఫిక్ తోస్తా. సెషన్ అప్ అని కనిపిస్తే చాలు, ఆ పైన మన పని కాదంటారా? అయితే ఆ గదిలో లక్ష్మక్కకి మీరేం చెప్పేవాళ్ళు?